గర్భిణులకు జీబీఎస్ పరీక్ష: అమెరికాలో అందరికీ, ఇక్కడ కొందరికే ఎందుకు?

తొమ్మిదో నెల పడగానే డల్లాస్‌లో ఉన్న అక్క కర్నూలులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి అడుగుతుంది: "నీకు జీబీఎస్ టెస్టు చేపించినారా?" చెల్లెలు తెల్లబోతుంది. "మా డాక్టరమ్మ ఆ మాటే ఎత్తలేదే అక్కా." గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా తల్లిలో ఉందేమో చూసే ఈ పరీక్షను అక్కడ గర్భిణులందరికీ చేస్తారు. ఇక్కడ చాలామంది దాని పేరు కూడా విని ఉండరు. మరో ఆసుపత్రిలో అడిగితే "చేయిద్దాం" అంటారు, ఇంకోచోట "మనకు అక్కర్లేదు" అంటారు. దాంతో ఇంట్లో అనుమానం మొదలవుతుంది. ఇక్కడి డాక్టర్లకు తెలియదా, లేక అక్కడివాళ్లు ఊరికే పరీక్షలు చేస్తున్నారా అని.

రెండూ కావు. ఈ విషయంలో మంచి వైద్య వ్యవస్థలున్న దేశాలే రెండుగా చీలి ఉన్నాయి. ఈ పరీక్ష విలువ దాని ఫలితం మీద ఒక్కదాని మీదే ఆధారపడదు. ఆ ఫలితం కాన్పు గదికి చేరుతుందా, చేరాక బిడ్డ పుట్టేలోపు తల్లికి యాంటీబయోటిక్ ఇంజెక్షన్ వేయడానికి వేళ ఉంటుందా అన్నవే అసలు ప్రశ్నలు. మన సీమ జిల్లాల్లో ఆ రెండూ ఊరిని బట్టి, ఆసుపత్రిని బట్టి, పురుడు ఎక్కడ పోసుకుంటున్నారన్నదాన్ని బట్టి మారిపోతాయి.

పుణెలో వచ్చిన జీబీఎస్ ఇది కాదు

2025 మొదట్లో పుణెలో జీబీఎస్ కేసులని వార్తలు వచ్చాయి. కొద్దిరోజులకే మన రాష్ట్రంలోనూ కేసులు కనిపించాయి. అది గులియన్ బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు. గర్భిణులకు చేసే పరీక్షలో జీబీఎస్ అంటే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. పొడి అక్షరాలు కలిశాయే తప్ప ఒకదానితో ఇంకొకదానికి సంబంధం లేదు. ఆ వార్తలు చూసినవాళ్లు రిపోర్టు మీద "జీబీఎస్ పాజిటివ్" అని చదివి భయపడితే ఆశ్చర్యం లేదు. అందుకే ఈ సంగతి ముందుగా చెప్పాల్సి వచ్చింది.

ఒంట్లో ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు

ఈ బ్యాక్టీరియాకు ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే పూర్తి పేరు స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే. పాడి పశువులున్న ఇళ్లకు దీని ఇంకో రూపం తెలుసు. ఆవులకు, గేదెలకు పొదుగువాపు తెచ్చే క్రిముల్లో ఇదొకటి. స్ట్రెప్టోకాకస్‌లను ఏ, బి అంటూ గ్రూపులుగా విడదీసింది 1930లలో అమెరికా శాస్త్రవేత్త రెబెక్కా లాన్స్‌ఫీల్డ్. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్ గ్రూప్ ఏ. మనం మాట్లాడుకునేది గ్రూప్ బి.

ఆరోగ్యంగా ఉన్న ఆడా మగా ఎందరి పేగుల్లోనో ఇది ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. ఆడవాళ్లలో పేగుల నుంచి యోని దాకా వస్తుంది, కొన్నాళ్లు ఉంటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. దురద ఉండదు, వాసన ఉండదు, నొప్పి ఉండదు. ఇలా జబ్బు లేకుండా క్రిమి మాత్రం ఉండటాన్ని డాక్టర్లు కాలనైజేషన్ అంటారు. "పాజిటివ్" అన్న మాటకు ఇక్కడ అంతవరకే అర్థం.

పాజిటివ్ అని తెలిశాక కొన్ని ఇళ్లలో మొదట పుట్టేది నింద. కోడలు శుభ్రంగా లేదనో, బయటి బాత్రూముకు పోయిందనో, ఇంకా చెప్పరాని అనుమానాలో మొదలవుతాయి. దీన్ని సుఖవ్యాధిగా పరిగణించరు. ఒళ్లు శుభ్రంగా ఉంచుకోకపోవడం వల్ల వచ్చేదీ కాదు. భర్తకు పరీక్షా అక్కర్లేదు, మందులూ అక్కర్లేదు. ప్రపంచవ్యాప్తంగా నూరు మంది గర్భిణుల్లో సుమారు 18 మందిలో ఇది ఉంటుందని 2017లో వెలువడిన విస్తృత సమీక్ష లెక్కగట్టింది. దక్షిణాసియాలో ఆ లెక్క 12 నుంచి 13 మంది. మన దేశంలో విడివిడిగా జరిగిన అధ్యయనాల్లో మాత్రం నూటికి రెండు మూడు నుంచి ఇరవై ముప్పై దాకా రకరకాల అంకెలు వచ్చాయి. అంత తేడాకు ఒక పెద్ద కారణం ల్యాబుల్లో పరీక్ష చేసే తీరు. ఆ సంగతి కిందికి వస్తుంది.

బిడ్డకు ఏమవుతుంది

ఉమ్మనీటి సంచి పగిలాక గానీ, కాన్పు దారిలో వస్తున్నప్పుడు గానీ బిడ్డకు ఈ బ్యాక్టీరియా అంటుతుంది. పాజిటివ్ తల్లుల పిల్లల్లో సుమారు సగం మందికి ఇలా అంటుతుంది. వాళ్లలో దాదాపు అందరికీ ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం అది రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, మెదడు పొరల్లోకి చేరుతుంది. పుట్టిన మొదటి వారంలో వచ్చే జబ్బును ఎర్లీ ఆన్‌సెట్ అంటారు. ఇందులోనూ చాలా కేసులు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడతాయి. వారం దాటాక మూడు నెలల లోపు వచ్చేది లేట్ ఆన్‌సెట్.

ఈ తేడా గుర్తుంచుకోవాలి. తొమ్మిదో నెల పరీక్ష, కాన్పు వేళ ఇంజెక్షన్, ఈ రెండూ కలిసి ఆపగలిగేది మొదటి వారం జబ్బును మాత్రమే. లేట్ ఆన్‌సెట్‌ను అవి తగ్గించలేవు. కడుపులోనే బిడ్డ చనిపోవడానికి, నెలలు నిండకముందే కాన్పు రావడానికి కూడా జీబీఎస్ కొన్నిసార్లు కారణమవుతుంది. ఆ నష్టం ఈ పరీక్ష చేసే వారాలకు ముందే జరిగిపోయి ఉండవచ్చు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇది చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం జీబీఎస్ వల్ల ఏటా లక్షకు దగ్గరగా పసిబిడ్డలు చనిపోతున్నారు. మరో 50 వేలకు దగ్గరగా పిల్లలు మృతశిశువులుగా పుడుతున్నారు.

వెయ్యి మంది గర్భిణులను తీసుకొని లెక్క వేస్తే

కర్నూలు చుట్టుపక్కల వెయ్యి మంది గర్భిణులు ఉన్నారనుకుందాం. దక్షిణాసియా సగటు ప్రకారం వాళ్లలో 125 మందికి జీబీఎస్ ఉంటుంది. ఏ మందూ ఇవ్వకపోతే ఆ తల్లులకు పుట్టే పిల్లల్లో అరవై మందికి పైగా క్రిమి అంటుతుంది. జబ్బు పడేది ఎంతమంది? పాజిటివ్ తల్లుల పిల్లల్లో నూటికి ఒకరు, కొంచెం అటూ ఇటూ. అంటే 125 మందిలో ఒకరు, మహా అయితే ఇద్దరు.

ఇప్పుడు పరీక్ష చేశామనుకుందాం. 125 మందినీ సరిగ్గా పట్టుకున్నాం, అందరికీ కాన్పు వేళ ఇంజెక్షన్ సకాలంలో పడింది. అది మొదటి వారం జబ్బును నూటికి ఎనభై పాళ్లు ఆపిందనుకుంటే, వెయ్యి మందికి పరీక్ష, 125 మందికి ఇంజెక్షన్లు కలిసి ఒక బిడ్డను జబ్బు నుంచి తప్పిస్తాయి.

ఆ ఒక్క బిడ్డ మన బిడ్డే అయితే ఈ లెక్కకు అర్థమే మారిపోతుంది. తల్లిదండ్రులు ఎవరైనా అలాగే ఆలోచిస్తారు, అందులో తప్పు లేదు. ప్రభుత్వం మాత్రం ఆ వెయ్యి మందికి అదే డబ్బుతో, అదే నర్సులతో ఇంకేం చేయవచ్చో కూడా చూడాలి. పిల్లల వార్డులో పసిబిడ్డను వెచ్చగా ఉంచే ఇంకో వార్మర్, కాన్పు గదిలో ఇంకో నర్సు, రక్తహీనతకు సరైన మందులు. దేశాల మధ్య తేడా మొదలయ్యేది ఈ చోటనే.

అమెరికా అందరికీ, బ్రిటన్ కొందరికే

అమెరికాలో 1990ల మొదట్లో ప్రతి వెయ్యి కాన్పులకు సుమారు 1.7 మంది పిల్లలకు ఈ జబ్బు వచ్చేది. 1996లో తొలి మార్గదర్శకాలు వచ్చినప్పుడు ఆసుపత్రులకు రెండు దారులిచ్చారు. అందరికీ పరీక్ష చేయడం ఒకటి, ప్రమాద సూచనలున్న (నెలలు నిండకముందే నొప్పులు, ఉమ్మనీరు పోయి చాలాసేపు కావడం, నొప్పుల్లో జ్వరం లాంటివి) తల్లులకే మందు ఇవ్వడం రెండోది. తర్వాత రెంటినీ పోల్చి చూస్తే, పరీక్ష చేయించుకున్న తల్లుల పిల్లల్లో జబ్బు సగానికి పైగా తక్కువగా కనిపించింది. దాంతో 2002 నుంచి అందరికీ పరీక్ష చేయాలన్నారు. 2015కు జబ్బు వెయ్యికి 0.23కు పడిపోయింది. ఇప్పుడు అక్కడ 36 వారాలు నిండాక, 38 వారాలు నిండేలోపు స్వాబ్ (దూది చుట్టిన పుల్లతో తీసే నమూనా) తీస్తారు. ఆ ఫలితం అయిదు వారాల వరకు చెల్లుతుంది.

బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల సంస్థ అయిన రాయల్ కాలేజీ 2017 నాటి మార్గదర్శకం అందరికీ పరీక్ష వద్దంది. ప్రమాద సూచనలుంటేనే మందు అంది. వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 35 నుంచి 37 వారాల మధ్య పాజిటివ్ వచ్చినవాళ్లలో నూటికి 17 నుంచి 25 మంది కాన్పు నాటికి నెగటివ్ అయిపోతారు. నెగటివ్ వచ్చినవాళ్లలో నూటికి 5 నుంచి 7 మంది పాజిటివ్ అవుతారు. నెలలు నిండకుండా పుట్టే పిల్లలకే ప్రమాదం ఎక్కువ, కానీ వాళ్లు పరీక్ష వేళకు ముందే పుట్టేస్తారు. జబ్బు రాని ఎంతోమంది పిల్లల తల్లులకు యాంటీబయోటిక్ అనవసరంగా ఎక్కుతుంది.

అయితే బ్రిటన్ దారికీ మచ్చ ఉంది. 2000లో అక్కడ వెయ్యికి 0.48గా ఉన్న ఎర్లీ ఆన్‌సెట్ కేసులు 2015 నాటికి 0.57 అయ్యాయి, తగ్గలేదు. జబ్బు పడ్డ పిల్లల తల్లుల్లో చాలామందికి ప్రమాద సూచనలేవీ లేకపోవడం ఈ పద్ధతికున్న పెద్ద లోపం. ఈ వాదన తేల్చడానికే అక్కడ జీబీఎస్3 పేరుతో లక్షల మంది గర్భిణులతో ట్రయల్ చేపట్టారు.

అమెరికా దారికీ మచ్చ లేకపోలేదు. అందరికీ పరీక్ష మొదలయ్యాక, 2003, 2004 సంవత్సరాల్లో నెలలు నిండి పుట్టి ఈ జబ్బు పడ్డ పిల్లలను పరిశీలిస్తే, నూటికి 61 మంది తల్లుల పరీక్ష నెగటివ్ అని తేలింది. మందు బాగా పనిచేస్తుందన్న నమ్మకానికి ఆధారం కూడా ఎక్కువగా అక్కడి ఆసుపత్రుల అనుభవమే. పద్ధతిగా జరిగిన ట్రయల్స్ చాలా తక్కువ. జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్షకు దొరికినవి నాలుగే నాలుగు, అన్నీ కలిపి 852 మంది తల్లులు. జబ్బు తగ్గినట్టు కనిపించింది కానీ ఆ ట్రయల్స్ నాణ్యత బలహీనమని ఆ సమీక్షే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, జీబీఎస్ ఉందని తెలిసిన తల్లికి కాన్పు వేళ యాంటీబయోటిక్ ఇవ్వమంది. అందరికీ పరీక్ష చేయాలా అన్నది మాత్రం ఆయా ప్రాంతాల విధానానికే వదిలింది.

మన దగ్గర ఈ జబ్బు తక్కువా, లేక కనిపించడం తక్కువా?

మన దేశంలో గర్భిణులందరికీ జీబీఎస్ పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారు. ఆ రోజు హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ చూస్తారు. జీబీఎస్ స్వాబ్ ఆ జాబితాలో లేదు.

అక్కర్లేదనేవాళ్లు ముందుగా చూపించేది ఢిల్లీ అధ్యయనాన్ని. 2011 నుంచి 2014 వరకు అక్కడి మూడు పెద్దాసుపత్రుల్లో 88 వేలకు పైగా కాన్పులను గమనించి, పసిపిల్లల రక్తంలో ఏ క్రిములున్నాయో చూశారు. మొదటి మూడు స్థానాల్లో అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ కోలి ఉన్నాయి. జీబీఎస్ చాలా అరుదు. పైగా ఆ మూడూ చాలావరకు మందులకు లొంగనివి. మన పిల్లల్ని ఎక్కువగా చంపుతున్నది వేరే క్రిములు, వాటికి తోడు యాంటీబయోటిక్‌లు మొండికేయడం అయినప్పుడు, వేలమంది తల్లులకు ఇంకా యాంటీబయోటిక్ ఎక్కించడం సరైన దారేనా అని వీళ్ల ప్రశ్న.

కావాలనేవాళ్ల ప్రశ్నా బలమైనదే. జీబీఎస్ వల్ల బిడ్డ పుట్టిన మొదటి గంటల్లోనే విషమిస్తుంది. ఆదోని అవతల ఒక చిన్న ఆసుపత్రిలో పుట్టి, కర్నూలు తీసుకొచ్చేలోపే పోయిన బిడ్డ రక్తాన్ని కల్చర్‌కు, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకు పంపేదెవరు? "ఆయాసంతో పోయింది" అన్న మాటతోనే ఆ కథ ముగుస్తుంది. మనం వెతకడం లేదు కాబట్టి కనిపించడం లేదని వీళ్లంటారు.

నాకు రెండు వాదనల్లోనూ నిజం కనిపిస్తుంది. ఢిల్లీ లెక్క పెద్దది, జాగ్రత్తగా చేసింది. జీబీఎస్ మనకు మొదటి శత్రువు కాదని అది గట్టిగానే చెబుతోంది. కానీ అది మూడు పెద్దాసుపత్రుల లెక్క. ఆలూరులోనో రాయదుర్గంలోనో పుట్టే పిల్లల కథ అందులో లేదు.

స్వాబ్ పుల్ల కొసన మొదలయ్యే తేడాలు

పరీక్ష చేయించాలని నిర్ణయించుకున్నా, ఏ పరీక్ష చేశారన్నది చూడాలి. సరైన పద్ధతిలో ఒకే స్వాబ్‌ను మొదట యోని కింది భాగంలో, తర్వాత మలద్వారం లోపలికి కొద్దిగా పోనిచ్చి తిప్పి తీస్తారు. లోపల పరికరం పెట్టి చూడనక్కర్లేదు. చెబితే గర్భిణి తానే తీసుకోవచ్చు కూడా. మలద్వారం మాట వినగానే చాలామంది సిగ్గుతో వద్దంటారు. కానీ ఈ బ్యాక్టీరియా అసలు ఇల్లు పేగులే కాబట్టి ఆ చోటు వదిలేస్తే చాలా పాజిటివ్‌లు జారిపోతాయి.

స్వాబ్‌ను జెల్లీ లాంటి మాధ్యమం ఉన్న గొట్టంలో పెట్టి ల్యాబుకు పంపుతారు. అక్కడ దాన్ని ముందుగా ఒక ద్రవంలో వేసి రాత్రంతా వెచ్చగా ఉంచాలి. మిగతా క్రిములను అణిచే మందులు ఆ ద్రవంలో ఉంటాయి, జీబీఎస్ ఒక్కటి పెరుగుతుంది. మర్నాడు దాన్ని రక్తం కలిపిన ఎర్రటి ప్లేటు మీద గీస్తారు. చిన్న చిన్న బూడిదరంగు చుక్కలు లేస్తాయి, ఒక్కో చుక్క చుట్టూ సన్నగా ఎరుపు విరిగి తేటబారుతుంది. అనుమానం తీర్చుకోవడానికి ఇంకో ప్లేటు మీద స్టెఫైలోకాకస్ అనే వేరే క్రిమితో గీత ఒకటి నిలువుగా గీసి, దానికి అడ్డంగా ఈ క్రిమిని గీస్తారు. జీబీఎస్ అయితే రెండు గీతలు దగ్గరైన చోట ఎర్రటి ప్లేటులో బాణం మొన లాంటి తేట ఆకారం ఏర్పడుతుంది. మొత్తం రెండు మూడు రోజుల పని.

ఆ రాత్రంతా ఉంచే అంచెను వదిలేసి నేరుగా ప్లేటు మీద గీస్తే పాజిటివ్‌లలో సగం దాకా తప్పిపోవచ్చు. మన ఊళ్లలో చాలాసార్లు రాసేది హెచ్‌వీఎస్ కల్చర్, అంటే యోని పైభాగం నుంచి తీసే స్వాబ్. తెల్లబట్ట, దురద లాంటివాటికి అది పనికొస్తుంది. జీబీఎస్ కోసం చూసే పరీక్ష అది కాదు. హెచ్‌వీఎస్‌లో "నో గ్రోత్" అని రాగానే జీబీఎస్ లేదని ఊపిరి పీల్చుకుంటే అది ఉత్తుత్తి ధైర్యమే.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. గొట్టంలో ఉన్న బ్యాక్టీరియా వేడికి త్వరగా చస్తుంది. మే నెలలో ఎమ్మిగనూరు కలెక్షన్ సెంటర్ నుంచి ఇంకో ఊరి ల్యాబుకు బస్సులో పోయే శాంపిల్‌కు చల్లటి పెట్టె లేకపోతే, క్రిమి ఉన్నా రిపోర్టు నెగటివ్ అని రావచ్చు. పరీక్ష జీబీఎస్ కోసమే చేస్తారా, మలద్వారం నుంచి కూడా తీస్తారా, శాంపిల్ ఎన్ని గంటల్లో ఏ ల్యాబుకు చేరుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకని చోట ఆ పరీక్షకు పెద్ద విలువ లేదని నా అభిప్రాయం.

పుట్టింటి పురుడు, సుగ్గి వలస, నాలుగు గంటలు

అమెరికాలో స్వాబ్ తీసిన డాక్టరు, కాన్పు చేసే ఆసుపత్రి సాధారణంగా ఒకే వ్యవస్థలో ఉంటాయి. మన దగ్గర తొలి చూలుకు పుట్టింటికి రావడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి తీసుకొస్తారు. అప్పటిదాకా బెంగళూరులో చూపించుకున్న అమ్మాయి, సరిగ్గా 36 వారాలకు నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో కొత్త డాక్టరు ముందు కూర్చుంటుంది. అక్కడివాళ్లు "మీ ఊర్లో చేయిస్తార్లే" అనుకుంటారు, ఇక్కడివాళ్లు "అక్కడ అన్నీ అయ్యుంటాయి" అనుకుంటారు. పరీక్ష రెండు ఊళ్ల మధ్య జారిపోతుంది. చేయించినా రిపోర్టు ఫోన్‌లో ఫొటోగా ఉంటుంది. ఆ ఫోన్ నొప్పులు వచ్చిన రాత్రి ఇంకెవరి జేబులోనో ఉంటుంది.

కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు ఇంకో రకం చిక్కు. సుగ్గికి గుంటూరు వైపు మిర్చి కోతలకు పోయిన కుటుంబంలో గర్భిణి ఉంటే, ఆ వారాల్లో ఆమె ఏ ఏఎన్ఎమ్ రిజిస్టర్‌లోనూ కంటికి కనిపించకపోవచ్చు.

తర్వాత వేళ. ఇంజెక్షన్ పని చేయాలంటే బిడ్డ పుట్టడానికి కనీసం నాలుగు గంటల ముందు మొదటి డోసు పడాలి. అంతకన్నా తక్కువైనా కొంత మేలు ఉంటుంది, కానీ పూర్తి భరోసా అనేది నాలుగు గంటలకే. తొలి కాన్పులో నొప్పులు చాలాసేపు సాగుతాయి కాబట్టి ఇది వీలవుతుంది. రెండో, మూడో కాన్పు తొందరగా అయిపోతుంది. నొప్పులు ముదిరాక 108లో బయల్దేరి, ఆసుపత్రికి వచ్చిన గంటలో కాన్పయ్యే తల్లికి చేతిలో పాజిటివ్ రిపోర్టు ఉన్నా అది చేసేది కొంచెమే. పాజిటివ్ అని ముందే తెలిసిన తల్లి త్వరగా బయల్దేరగలిగితే మాత్రం ఆ కాగితం నిజంగా పనికొస్తుంది.

ఒక్కొక్కరి విషయంలో లెక్క ఎలా మారుతుంది

ముందే తేదీ పెట్టుకున్న సిజేరియన్. నొప్పులు రాకుండా, ఉమ్మనీరు పోకుండా ఆపరేషన్ జరిగితే జీబీఎస్ కోసం విడిగా మందు అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మామూలు యాంటీబయోటిక్ ఎలాగూ ఉంటుంది. ఇది మనకు చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63. అయితే తేదీకి ముందే నొప్పులు రావడం మామూలే కాబట్టి, అమెరికాలో వీళ్లకు కూడా స్వాబ్ తీసిపెడతారు. కేవలం జీబీఎస్ పాజిటివ్ అని సిజేరియన్ చేయడం మాత్రం అమెరికా, బ్రిటన్ మార్గదర్శకాల్లో లేదు.

ఈ గర్భంలో ఎప్పుడైనా మూత్రం కల్చర్‌లో జీబీఎస్ వచ్చిన తల్లి. ఎంత తక్కువ వచ్చినా ఆమెకు ఇక స్వాబ్ అక్కర్లేదు, కాన్పు వేళ మందు ఇవ్వాల్సిందే. మూడో నెలలో వచ్చి, మందులు వాడి తగ్గిపోయినా అంతే. ఆ పాత కాగితం ఫైల్ అడుగున పడిపోవడమే ఇక్కడ అసలు ముప్పు. తల్లీబిడ్డ సంరక్షణ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే కొత్త డాక్టరు కంటా పడుతుంది.

గత కాన్పులో బిడ్డకు జీబీఎస్ జబ్బు వచ్చిన తల్లికి కూడా అంతే, పరీక్షతో పనిలేదు, నేరుగా మందు. గతంలో తల్లి పాజిటివ్‌గా ఉండి బిడ్డ బాగానే ఉంటే, ఈసారి మళ్లీ పాజిటివ్ అయ్యే అవకాశం సుమారు సగం. బ్రిటన్ కూడా ఇలాంటి తల్లికి, మళ్లీ పరీక్ష చేయించుకుంటారా లేక నేరుగా మందు తీసుకుంటారా అని అడుగుతుంది.

ఇక ఆదోనిలో ఉన్న ఆరోగ్యవంతురాలైన తొలి చూలు గర్భిణి. చిక్కంతా ఈమె విషయంలోనే. పరీక్ష చేయించకపోయినా ఆమె కాన్పు గుడ్డిగా సాగదు. 37 వారాలు నిండకముందే నొప్పులు రావడం, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, నొప్పుల సమయంలో 100.4 డిగ్రీల జ్వరం రావడం, వీటిలో ఏది కనిపించినా డాక్టర్లు యాంటీబయోటిక్ మొదలుపెడతారు. మంచి ల్యాబు అందుబాటులో ఉండి, కాన్పు అదే ఆసుపత్రిలో అనుకుంటే స్వాబ్ ఈ రక్షణకు ఇంకో పొర చేరుస్తుంది. శాంపిల్ ఎక్కడికో పోయి, కాన్పు ఇంకెక్కడో అయితే, ఆమెకు ప్రమాద సూచనలు తెలిసి ఉండటమే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది. ముఖ్యంగా ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో గడియారం చూసి చెప్పగలగడం. "పొద్దున ఎప్పుడో తడిసినట్టుంది" అంటే డాక్టరుకు ఆ 18 గంటల లెక్క కుదరదు.

మందు ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇచ్చేది పాత పెన్సిలినే. మొదట 50 లక్షల యూనిట్లు నరంలోకి, తర్వాత కాన్పు అయ్యేదాకా నాలుగు గంటలకోసారి 25 నుంచి 30 లక్షలు. దాని బదులు ఆంపిసిలిన్ 2 గ్రాములు, తర్వాత నాలుగు గంటలకోసారి 1 గ్రాము కూడా ఇవ్వవచ్చు. పెన్సిలిన్ పడనివాళ్లకు, అది ఎంత తీవ్రంగా పడదో చూసి సెఫాజోలిన్, క్లిండామైసిన్, వాంకోమైసిన్‌లలో ఒకటి ఎంచుకుంటారు. క్లిండామైసిన్ ఆ క్రిమికి పనిచేస్తుందో లేదో ల్యాబు ముందే చూసి చెప్పాలి. కాబట్టి పెన్సిలిన్ పడదన్న సంగతి స్వాబ్ పంపేటప్పుడే చీటీ మీద రాయాలి.

పాజిటివ్ అని తెలియగానే చాలామంది అడిగేది: "ఇప్పుడే మాత్రలు వేసుకుంటే పోదా?" పోతుంది, కానీ నిలవదు. పేగుల్లో మిగిలింది మళ్లీ పెరుగుతుంది, కాన్పు నాటికి మొదటికే వస్తుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే తప్ప ముందుగా మాత్రలు వాడి లాభం లేదు.

నష్టాల్లో తీవ్రమైనది పెన్సిలిన్ రియాక్షన్. ప్రాణం మీదికి వచ్చేంతటిది చాలా అరుదు, కానీ దాన్ని ఎదుర్కొనే ఏర్పాటు కాన్పు గదిలో ఉండాలి. తల్లికిచ్చిన యాంటీబయోటిక్ వల్ల బిడ్డ పేగుల్లో మొదట చేరే మంచి బ్యాక్టీరియా మారుతుందని అధ్యయనాల్లో కనిపించింది. అది పెద్దయ్యాక ఏమైనా చేస్తుందా అన్నది తేలలేదు. తల్లిపాలకు మాత్రం అడ్డు లేదు, జీబీఎస్ పాజిటివ్ తల్లి మొదటి గంటలోనే పాలివ్వవచ్చు.

గర్భిణికి టీకా వేసి, ఆ రక్షణ బిడ్డకు చేరేలా చేయాలని ఏళ్లుగా ప్రయత్నం జరుగుతోంది. ఆరు రకాల జీబీఎస్‌ను అడ్డుకునేలా ఫైజర్ తయారుచేసిన టీకాను దక్షిణాఫ్రికాలో గర్భిణులకు ఇచ్చి చూసిన తొలి ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి. తల్లి నుంచి బిడ్డకు యాంటీబాడీలు చేరినట్టు తేలింది. టీకా ఫలిస్తే స్వాబ్, రిపోర్టు, నాలుగు గంటల లెక్క చాలావరకు తప్పుతాయి. లేట్ ఆన్‌సెట్‌ను కూడా ఆపే దారి దొరుకుతుందన్న ఆశ ఉంది.

నెగటివ్ వచ్చినా, పరీక్షే చేయించకపోయినా

పైన చెప్పిన నూటికి 61 అంకెను బట్టి చూస్తే, నెగటివ్ రిపోర్టు ఉన్న ఇంట్లో కూడా బిడ్డను గమనించాల్సిందే. పసిబిడ్డలో ఈ జబ్బు పెద్దగా ఆర్భాటం చేయదు. పాలు తాగుతున్న బిడ్డ ఉన్నట్టుండి చన్ను పట్టదు. లేపినా లేవకుండా వాలిపోతుంది. నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తుంది, లేదా మూలుగుతూ ఊపిరి తీస్తుంది. ఒళ్లు కాలిపోతుంది, కొందరు పిల్లల్లో దానికి భిన్నంగా చల్లబడుతుంది. పెదవులు నీలంగానో, ఒళ్లు పాలిపోయో కనిపిస్తుంది.

"దిష్టి తగిలిందేమో", "పాలు అరగలేదేమో" అని రాత్రి గడిపేస్తే పోయేది ఆ గంటలే. మొదటి నెలల్లో పసిబిడ్డకు జ్వరం వచ్చిందంటే ఇంట్లో సిరప్ పోసి చూసే విషయం కాదు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో పసిపిల్లల ప్రత్యేక వార్డులున్నాయి. బాలింత పుట్టింట్లో ఉండే ఆ మూడు నెలలూ లేట్ ఆన్‌సెట్ వచ్చే అవకాశమున్న రోజులే. తొమ్మిదో నెలలో తీసిన స్వాబ్ ఫలితం ఏదైనా, కాన్పులో ఇంజెక్షన్ పడినా పడకపోయినా, ఆ జబ్బు విషయంలో తేడా ఉండదు. అమ్మమ్మకు ఈ గుర్తులు తెలిసి ఉండాలి, అర్ధరాత్రి బండి ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకుని ఉండాలి.